జపానక్క పంపిన పటం

ఆ పటం మా ఆవిడకు వచ్చింది, నాకు కాదు. ముందుగా ఈ మాట చెప్పాలి. ఎందుకంటే చాలా ఏళ్లు నేను దాన్ని నాకు వచ్చినట్టే చెప్పుకున్నాను.

మా ఆవిడ పోయి రెండేళ్లు కావస్తోంది. పటం ఇంట్లోనే ఉంది. జపాన్ వాళ్లు గోడకు వేలాడదీసుకునే పటం అది. కాగితం మీద నల్ల సిరాతో బొమ్మ వేసి, ఆ కాగితాన్ని పొడుగాటి గుడ్డకు అతికించి, పైనా కిందా సన్నటి కర్రలు పెడతారు. వద్దనుకున్నప్పుడు చాపలాగా చుట్టి దాచుకోవచ్చు. బొమ్మలో ఒక ఆడమనిషి ఉంది. కొంచెం వంగి, ముఖం పక్కకు తిప్పి, రెండు చేతులతో గుడ్డ పిండుతోంది. అన్నీ కలిపి పన్నెండు పదమూడు గీతలకు మించవు. జుట్టుముడి ఒక మరక. చెంప ఒక గీత. గుడ్డ ఉన్నచోట తడికుంచె ఒక్కసారి లాగి వదిలేసిన వెలిసిన నలుపు. కళ్లు లేవు, నగలు లేవు, నుదుటి మీద ఏమీ లేదు. మిగతాదంతా ఖాళీ కాగితం.

వచ్చినప్పుడు అలా ఉండేది. ఇప్పుడు అలా లేదు.

నేను తిరుపతిలో ఒక కాలేజీలో లైబ్రేరియన్‌గా పనిచేశాను. మా ఆవిడది శ్రీకాళహస్తి. వాళ్ల నాయన, అన్న కలంకారీ పనివాళ్లు. ఆ పనిలో బట్ట మీద వెదురు కలంతో నల్లగీత గీయడం ఒకరి వంతు, ఆ గీతల మధ్య రంగులు నింపడం మరొకరి వంతు. వాళ్లింట్లో గీత మగవాళ్లది, రంగు ఆడవాళ్లది. మా ఆవిడ ఏడో తరగతితో బడి మాని రంగుల్లో కూర్చుంది. పెళ్లయి తిరుపతి వచ్చాక కూడా నెలకు పది రోజులు పుట్టింటికి వెళ్లి రంగులు వేసి వచ్చేది. మాకు పిల్లలు లేరు. వెళ్లవద్దని చెప్పడానికి నాకు కారణమూ లేదు.

కానీ ఆ పని నాకు నచ్చేది కాదు. ఆ బట్టల మీద ఎక్కడా కాస్త చోటు మిగలదు. దేవుళ్ల బొమ్మల మధ్య తీగ, తీగకు పువ్వు, పువ్వు లోపల చుక్క. నేను చదివే పుస్తకాలు వేరు. తక్కువ మాటల్లో ముగించేవాళ్లంటే నాకు గౌరవం. ఒకసారి ఆమెతో అన్నాను, మీవాళ్లకు కొంచెం ఖాళీ కనిపిస్తే చేతులు దురదపెడతాయి కదా అని.

"ఖాళీగా ఇడిస్తే పనిదొంగ అంటారండీ మా ఊళ్లో" అని నవ్వింది.

తొంభైల చివర్లో ఒక జపాన్ ఆవిడ రంగులు నేర్చుకోవడానికి శ్రీకాళహస్తి వచ్చింది. మా బావమరిది ఇంటి పక్కనే ఒక గది తీసుకుని ఎనిమిది నెలలు ఉంది. నలభై దాటిన మనిషి. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ ఒకే నీలం చొక్కా. వీధిలో అందరూ ఆమెను జపానమ్మ అనేవాళ్లు. మా ఆవిడ మాత్రం జపానక్కా అని పిలిచేది. ఆమెకు తెలుగు రాదు. ఇంగ్లీషు కూడా ఆగి ఆగి మాట్లాడేది. అందుకని ఆదివారాలు నేను బస్సెక్కి వెళ్లి వాళ్ల మధ్య కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పేవాణ్ణి.

నిజానికి నా అవసరం పెద్దగా ఉండేది కాదు. ఆరు రోజులు నేను లేకుండానే వాళ్లకు గడిచేది. ఆదివారం నేను కుర్చీ వేసుకుని, "ఆమె ఏం అడుగుతోందంటే" అని మొదలుపెట్టేలోపే మా ఆవిడ అందుకునేది.

"తెల్సులెండి. పటిక ఎంత ఎయ్యాలని అడగతా ఉండాది. నాలిక మీద పెట్టి సూడమని నిన్ననే సెప్పినాను."

జపాన్ ఆవిడ నాలుక బయటపెట్టి, ముఖం చిట్లించి చూపించేది. ఇద్దరూ నవ్వేవాళ్లు.

బావమరిది నా వైపు చూసి, "బావా, ఈడ నీకు పని లేదప్పా. పుస్తకం తెచ్చుకున్నావా, ఆ నీడన కూసోని సదువుకో" అనేవాడు.

వాడు సరదాకే అనేవాడు. నాకు గుచ్చుకునేది.

జపాన్ వాళ్ల సిరా బొమ్మల గురించి నేను రెండు మూడు పుస్తకాలు చదివి ఉన్నాను. ఆవిడ దేశంలో ఆ పనే చేసేదని తెలిశాక ఆ విషయం మాట్లాడాలని నాకు ఆశగా ఉండేది. ఒక ఆదివారం ఖాళీ గురించి, గీత ఎక్కడ ఆగాలో దాని గురించి చాలాసేపు మాట్లాడాను. ఆవిడ తల ఊపుతూ విన్నది. చూపు మాత్రం నా మీద లేదు. కాస్త దూరంలో మా ఆవిడ బట్ట మీద వంగి, అంచు దాటకుండా పసుపు నింపుతోంది. నేను వాక్యం మధ్యలో ఉండగానే ఆవిడ మన్నించండి అని లేచి వెళ్లి ఆమె పక్కన గొంతుక్కూర్చుంది. నా మాట అక్కడితో ఆగిపోయింది. అంతకంటే ఏమీ జరగలేదు. కానీ ఆ తర్వాత నేను చేసిన పనికి మూలం వెతికితే అక్కడే దొరుకుతోంది.

వాళ్లింట్లో ఒక పద్ధతి ఉంది. నల్లగీత పూర్తయిన బట్టను మడిచి ఎవరి చేతిలో పెడితే ఆ బట్టకు రంగు వాళ్లది. ఏ రంగు ఎక్కడ అన్నది కూడా వాళ్ల ఇష్టమే. నోటితో చెప్పే పని లేదు. జపాన్ ఆవిడకు కలం పట్టడం వచ్చాక ఆమె గీసిన బట్టలు కూడా అలాగే మా ఆవిడ చేతికి వచ్చేవి. ఆమె గీత, ఈమె రంగు. అలా ఏడెనిమిది బట్టలు చేశారు. వెళ్లేటప్పుడు జపాన్ ఆవిడ అవి అన్నీ మూటగట్టుకుని పోయింది. బస్టాండులో మా ఆవిడ చెయ్యి పట్టుకుని, నేర్చుకున్న తెలుగులో, "అక్కా, సరే, సరే" అంది. ఆమెకు అక్కడ పనికొచ్చే మాట అదొక్కటే వచ్చు.

వెళ్లిన ఏడెనిమిది నెలలకు తిరుపతిలో మా ఇంటికి పొడుగాటి అట్టగొట్టం ఒకటి పోస్టులో వచ్చింది. ఆ రోజు నాకు సెలవు. నేను తలుపు తీసి చెయ్యి చాపాను. పోస్ట్‌మన్ ఇవ్వలేదు.

"అమ్మ పేరు మీద ఉండాది సార్. ఆయమ్మే సంతకం పెట్టాల."

మా ఆవిడ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి తెలుగులో సంతకం పెట్టింది. లోపల చుట్టిన పటం, పల్చటి కాగితాల మీద ఇంగ్లీషు జాబు. రెండు కాగితాలు. జాబు కూడా ఆమె పేరు మీదే.

"ఏం రాసినాదో సదవండి" అని నేల మీద కూర్చుంది.

మొదటి కాగితం ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. అందరి క్షేమం అడిగింది. మా అత్తగారి మోకాళ్ల నొప్పి ఎలా ఉందని అడిగింది. అక్కడ మంచు పడుతోందని, బట్టలు నానబెట్టే కరక్కాయ వాసన గుర్తొస్తోందని రాసింది. మా ఆవిడ ప్రతి మాటకూ ఊ కొట్టింది.

రెండో కాగితం ముందు నేను మనసులో చదువుకున్నాను. అందులో ఇలా ఉంది. ఈ బొమ్మలో ఉన్నది మీరే. ఒకరోజు పొద్దున నదిలో, నేనక్కడ ఉన్న సంగతి మరిచిపోయి, మీరు బట్ట పిండుతూ నిలబడ్డారు. ఇంటికి వచ్చినప్పటి నుంచి అదే గీస్తున్నాను. మా దగ్గర ఇటువంటి బొమ్మకు రంగు వేయరు. సిరా ఆగినచోట పని పూర్తయినట్టే. తెల్లగా వదిలిన చోటు కూడా గీసినదే. చెయ్యి ఎక్కడ ఆపాలో మీరు రంగు వేస్తుంటే చూసి నేర్చుకున్నాను. చూసి మీకేమనిపించిందో నాకు రాయించండి.

చెయ్యి ఎక్కడ ఆపాలో. నేను ఒక ఆదివారం అంతసేపు ఆవిడకు చెప్పిన సంగతి. దాన్ని ఆవిడ మా ఆవిడ దగ్గర నేర్చుకుందట.

"ఇంకేం రాసినాది?" అంది మా ఆవిడ.

"బొమ్మ పంపాను, గోడకు తగిలించుకోండి అంటోంది" అన్నాను.

"అంతేనా? రెండో కాయితమంతా అదేనా?"

"ఇంగ్లీషులో అంతే. మర్యాదలెక్కువ."

ఆమె పటం విప్పి పట్టుకుని చాలాసేపు చూసింది. "ఎవురో జపాన్ ఆమె. చీరె కాదు గదా ఇది, ఏందో కట్టుకోనుండాది" అంది. నేను అవునన్నాను. జాబు మడిచి నా పుస్తకాల అల్మారాలో పెట్టాను. పటం ముందుగదిలో, నేను కూర్చునే కుర్చీకి ఎదురుగా తగిలించాను. జవాబు కూడా నేనే రాశాను. ఆమెకు బొమ్మ చాలా నచ్చిందని, రోజూ చూస్తుంటుందని రాశాను. ఆమె చేత సంతకం పెట్టించాను.

నేను దాచింది అయిదారు వాక్యాలు. డబ్బు కాదు, నగ కాదు. అప్పుడు దాన్ని తప్పు అని కూడా అనుకోలేదు. తీరిగ్గా మరోసారి చెప్పొచ్చులే అనుకున్నాను.

కొన్నాళ్లకు కాలేజీ నుంచి ముగ్గురు లెక్చరర్లు, వాళ్లలో ఒకరి భార్య, ఆదివారం మా ఇంటికి వచ్చారు. పటం చూసి ఆగారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఎంత తక్కువ గీతలో చూడండి అన్నాను. ఖాళీని ఎలా వాడారో చూడండి అన్నాను. వాళ్లు శ్రద్ధగా విన్నారు. ఇలా నా మాట వినేవాళ్లు నాకు తరచుగా దొరకరు.

"మీకెట్లా వచ్చింది సార్ ఇది?" అని ఒకాయన అడిగాడు.

"నాకు తెలిసిన ఒక జపాన్ స్కాలర్ పంపింది" అన్నాను.

మా ఆవిడ అప్పుడే కాఫీ పళ్లెంతో వచ్చి నా కుర్చీ పక్కన నిలబడి ఉంది. నేను ఆమె వైపు చూడలేదు. ఆమె ఒక్కొక్కరికీ కాఫీ అందించింది.

లెక్చరర్ భార్య పటం వైపు చూసి, గొంతు తగ్గించి, "ఏమనుకోబాక అక్కా. నట్టింట్లో బొట్టులేని ఆడమనిషి బొమ్మ పెట్టుకుంటిరే?" అంది.

"ఇంకా పని కాలేదులేమ్మా. నలుపు అయింది. రంగులు పడాల" అంది మా ఆవిడ.

ఆ మాట అందరికీ వినిపించింది. లెక్చరర్లు నవ్వారు. "రంగులు పడాలంట సార్!" అని ఒకాయన నా వైపు చూశాడు. నేనూ నవ్వాను. అప్పుడు నేను చేయాల్సింది ఒక్కటే. లేదు, అది పూర్తయింది, అలాగే ఉంటుంది అని చెప్పాలి. అలా చెబితే నీకెలా తెలుసు అని ఆమె అడుగుతుంది. జాబు బయటికి తీయాల్సి వస్తుంది. నవ్వడం తేలిక. ఆ వారం స్టాఫ్ రూములో కూడా ఆ మాట చెప్పి నవ్వించాను.

ఆ రోజు వాళ్లు వెళ్లాక, వంటింట్లో గ్లాసులు కడుగుతూ ఆమె, "మీకు పంపినాదని నాకు తెలీదే" అంది. ఎత్తిపొడుపుగా కాదు. నిజంగా అలా అనుకోవాలా అని అడిగినట్టు అంది. నేను పేపరు చదువుతున్నట్టు ఉండిపోయాను.

ఆ తర్వాతి నెల నేను శిక్షణకని వారం రోజులు హైదరాబాదు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి బావమరిది ఇంట్లో ఉన్నాడు. మా ఆవిడ తలుపు దగ్గరే నిలబడి నా చేతిలో సంచీ అందుకుంది. ఇద్దరి ముఖాల్లో ఏదో ఉంది, పండక్కి కొత్త బట్టలు దాచిపెట్టిన పెద్దవాళ్ల ముఖాల్లో ఉండేటటువంటిది.

"సెప్పులిప్పి లోపలికి రా బావా, సెప్తాం" అన్నాడు వాడు.

పటం దాని చోటనే ఉంది. పిండుతున్న గుడ్డ పసుపు రంగులో ఉంది. ఆ పసుపులో, మడతల వెంబడి, గోరంత గోరంత పూలు. మనిషి కట్టుకున్నది నీలం అయింది. నుదుటి మీద కుంకుమ రంగులో చిన్న చుక్క. ఒకచోట పసుపు గీత దాటి వేలెడంత పారింది. కాగితం అక్కడక్కడ ముడతలు పడి ఉంది.

"ఎట్లుండాది?" అంది. అని, నేను జవాబు చెప్పకముందే పారినచోట వేలు పెట్టి చూపించింది. "ఈడొక్కటే సెడింది. కాయితం నీళ్లు తాగేస్తా ఉండాది, గుడ్డ మాదిరి నిలబళ్లా. మా యన్న ముందే సెప్పినాడు."

నేను ఆ రోజు అన్న మాటలు గుర్తున్నాయి. అన్నీ రాయాలి కాబట్టి రాస్తున్నాను. నీకు బుద్ధి ఉందా అన్నాను. తెలియకపోతే అడగాలి కదా అన్నాను. ఇది గుళ్లో తెరకు కట్టే మీ గుడ్డ అనుకున్నావా అన్నాను. ఏడో తరగతి చదువుతో దీన్ని ముట్టుకోవచ్చా అన్నాను. వాళ్ల అన్న ఎదురుగా అన్నాను. వాడి బతుకు ఆ గుడ్డలే.

ఆమె ముఖంలో ముందు కనిపించింది బాధ కాదు, ఆశ్చర్యం. "ఆయమ్మ గీత గీసి నా చేతికి పంపినాది గదా. రంగు నాదని గదా పంపినాది. ఆడ మేము అట్లనే సేస్తా ఉంటిమి" అంది.

"బావా, తప్పు నాది. రంగులు కలిపిచ్చింది నేను. బావనడిగినావా అంటే, నాకు పంపినదానికి ఆయన్నడిగేదేంది అనింది. నేనూ సరే అనుకుంటి" అన్నాడు బావమరిది. వాడు ఎప్పుడూ అంత నెమ్మదిగా మాట్లాడలేదు.

వాళ్లు అలా చెబుతున్నప్పుడే నాకు అర్థమైంది. ఈ బొమ్మకు రంగు వేయరు అన్న వాక్యం అల్మారాలో ఉంది. ఆమె ఆ వాక్యం విని ఉంటే కలం ముట్టేది కాదు. ఆమెకు తెలియకుండా చేసింది నేను. తెలియనందుకు తిడుతున్నదీ నేనే. ఇది తర్వాత ఎప్పుడో తట్టిన సంగతి కాదు, నోట్లో తిట్టు ఉండగానే తెలుసు. అయినా ఆపలేదు. ఆపితే ఎందుకు ఆగానో చెప్పాలి కదా.

నేను ఊరుకున్నాక ఆమె అడిగింది. "ఆ జాబులో ఏమన్నా రాసినాదా, రంగు ఎయ్యొద్దని?"

"లేదు" అన్నాను.

"మరి అంత కోపమేల?"

ఆమె స్టూలు వేసుకుని పటం దించి, నెమ్మదిగా చుట్టి, చుట్టూ కట్టే దారం ముడివేసి, బట్టల పెట్టెలో అడుగున పెట్టింది. బావమరిది అన్నం తినకుండానే బస్సుకు వెళ్లిపోయాడు. ఆ తర్వాత వాడు మా ఇంటికి వచ్చాడు, మాట్లాడాడు, కానీ నన్ను ఆటపట్టించడం మానేశాడు.

ఆమె రంగులు వేయడం మానేసింది. ఎవరితోనూ పోట్లాడి కాదు. అన్న బట్ట పంపిస్తే కళ్లు లాగుతున్నాయని తిప్పి పంపేది. పుట్టింటికి వెళ్లినా వంటింట్లోనే ఉండి వచ్చేది. జపాన్ నుంచి ఏడాదికో కార్డు వచ్చేది. ఒకదాంట్లో, అక్క ఇంకా బొమ్మ గురించి ఏమీ చెప్పలేదు అని రాసింది. బాగుందని నేనే మళ్లీ రాశాను. అప్పుడు సంతకం కూడా అడగలేదు.

ఆమె బొమ్మ పాడుచేసిందనే నేను చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకం చెదరకుండా ఇంకెప్పుడూ దాన్ని విప్పి చూడలేదు కూడా.

కొన్నేళ్లకు ఆమెకు కిడ్నీలు చెడ్డాయి. వారానికి రెండుసార్లు ఆసుపత్రి. వెళ్లి వచ్చిన మర్నాడు కాస్త తేరుకుని ముందుగదిలో మంచం మీద కూర్చునేది. అలా ఒక మధ్యాహ్నం, వేడి చేసిన అన్నం ఆమె వద్దంటే గిన్నె పక్కన పెట్టి, నేను అల్మారా తెరిచి జాబు తీశాను. చెప్పాలని ఆ రోజే ఎందుకు అనిపించిందో చెప్పలేను. డాక్టరు అంతకుముందు రోజు నన్ను ఒక్కణ్ణే గదిలోకి పిలిచాడు. అదే అయి ఉంటుంది.

"జపానక్క జాబు. అప్పుడొక కాగితం సరిగ్గా చదవలేదు" అన్నాను.

"యా జాబు?"

"బొమ్మతో వచ్చింది."

ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. చదివాను. ఒక్క మాట వదలకుండా తెలుగులో చెప్పాను. నదిలో బట్ట పిండుతున్నది మీరే అన్నచోట చెయ్యెత్తి ఆపింది.

"మళ్లీ సదవండి."

మళ్లీ చదివాను.

"అంటే అది నేనా?"

"నువ్వే."

"పెట్టెలోది ఎత్తకరాండి."

పటం విప్పి ఆమె ఎదురుగా పట్టుకుని నిలబడ్డాను. కర్ర నా చేతుల్లో ఉండటం వల్ల బొమ్మ ఆమెకు కనిపిస్తోంది, నాకు కాదు. ఆమె ముఖమే నాకు కనిపిస్తోంది. ఎంతోసేపు చూసింది. "నా నడుం అట్లుండేదా అప్పుడు" అని నవ్వింది. "చీరె నీలంది ఏసినాను సూడండి. నాకా పొద్దు నీలం చీరే ఉన్నట్టుండాది. తెలీకుండానే ఏసినాను."

తర్వాత నేను దాన్ని గోడకు తగిలించి, మొదటిసారి సరిగ్గా చూశాను. ఖాళీని ఆమె ముట్టుకోలేదు. ఒక్క చుక్క కూడా పెట్టలేదు. తీగలు, పూలు, దేవుళ్లు ఏమీ లేవు. మనిషి వరకు, గుడ్డ వరకు రంగు వేసి ఆపేసింది. ఖాళీ కనిపిస్తే చేతులు దురదపెడతాయని నేను ఎవరి గురించి అన్నానో ఆ మనిషే.

"అప్పుడెందుకు సదవలే?" అంది వెనక నుంచి.

నేను తిరగలేదు. "రెండు కాగితాలు అతుక్కుపోయి ఉన్నాయి. చూసుకోలేదు" అన్నాను.

"ఇట్లియ్యండి."

కాగితం ఇచ్చాను. ఇచ్చాక గుర్తొచ్చింది. ఏది చదివినా అంచున పెన్సిల్‌తో రాసుకోవడం నాకు అలవాటు. ఆ జాబు వచ్చిన రోజునే, ఆమె నేల మీద కూర్చుని ఎదురుచూస్తూ ఉండగానే, ఇంగ్లీషు వాక్యాల పక్కన తెలుగులో అర్థాలు రాసుకున్నాను. రంగు వేయరు. ఖాళీ కూడా గీసినదే. బొమ్మలో ఈమే. పెన్సిల్ వెలిసింది గానీ చదవడానికి వస్తుంది. తెలుగు ఆమెకు బాగానే చదవడం వచ్చు.

ఆమె పెదాలు కదిలిస్తూ చదివింది. వేలితో ఆ రాతను ఒకసారి తాకింది. కాగితం మడిచి మోకాలి మీద పెట్టుకుంది. తిడితే బాగుండు అనుకుంటూ నిలబడ్డాను. అలా కోరుకోవడం కూడా నా సౌకర్యం కోసమే అని ఇప్పుడు తెలుస్తోంది.

"ఆయమ్మకి జాబు రాయండి. నేను సెప్తాను" అంది.

కాగితం, పెన్ను తెచ్చుకుని కుర్చీలో కూర్చున్నాను.

"రంగేసినానని రాయండి. తప్పు సేసినానని రాయొద్దు. ఏసినానని రాయండి."

రాశాను.

"గుడ్డకి పసుప్పచ్చ, చీరెకి నీలం. బొట్టు పెట్టినాను. పసుపు ఒకసోట పారింది. మీ కాయితం నీళ్లు తాగతాదని ముందే తెలిసుంటే రవంత సిక్కగా కలిపుందునని రాయండి. ఆయమ్మకి తెలుస్తాది."

రాశాను.

"నా నడుం బాగా పట్టినాదని రాయండి. నాకే తెలీదు నేనట్లా నిలబడతానని. ఒంట్లో బాగలేదు అని రాయొద్దు. ఆడ కూసోని ఏం సేస్తాది పాపం."

అన్నీ రాశాను. ఇంగ్లీషులో రాసింది మళ్లీ తెలుగులో ఆమెకు చదివి వినిపించాను. ఒక్కటీ వదలలేదు. ఆమె కళ్లు మూసుకుని వింది. అయిపోయాక కళ్లు తెరిచింది.

"మీ గురించి ఏం రాసినారు?"

"నా గురించి ఏముంది రాయడానికి?"

"ఏమీ లేదా?"

ఆమె మోకాలి మీద ఆ పాత కాగితం ఇంకా ఉంది. నేను కుర్చీలో, పెన్ను మూత తీసే ఉంది, కాగితం అడుగున నాలుగు లైన్ల చోటు కూడా ఉంది.

"లేదు" అన్నాను.

"సరే, అంటించండి" అంది.

కవరు అంటించాను. రెండు రోజుల తర్వాత ఆసుపత్రికి వెళ్లే దారిలో ఆటో ఆపించి, నేను చెయ్యి చాపినా ఇవ్వకుండా, గోడ పట్టుకుంటూ నడిచి వెళ్లి పోస్టు డబ్బాలో తనే వేసి వచ్చింది.